పోను ఇరవై నిమిషాలు, రాను రెండు గంటల ఇరవై

నాకు ముక్కు మీద కోపం. సూర్యాపేటల మా డేటా ఎంట్రీ సెంటర్ల చేరినోళ్లకు ఆ సంగతి మొదటి రోజే తెలుస్తది. అనూషకూ తెలిసింది. గరిడేపల్లి దిక్కు తండా పిల్ల. ఇంటర్ అయినంక రెండేండ్లు మిరప చేన్లల్ల కూలికి పోయి, 2011ల మా దగ్గరికొచ్చింది. నెల రోజులు సూస్త, నచ్చితే ఉంచుకుంట, లేకుంటే ఇంటికే అని చెప్పిన. మళ్ల మిరప చేన్లకు పోవుడు తనకిష్టం లేదని ముఖం మీదనే చెప్పింది.

మా పని ఒక ట్రావెల్ వెబ్‌సైటుకు పేజీలు తయారు చేసుడు. యూరప్‌ల ఈ ఊరికి ఆ ఊరికి ఎన్ని కిలోమీటర్లు, విమానంల ఎంతసేపు, గిదే. మాలో ఎవ్వరం విమానం ఎక్కలే. ఆ వెబ్‌సైటు కంపెనీవాళ్లు పంపిన టైమ్‌టేబుల్ ముంగటేసుకొని, దిగే టైమ్‌ల నుంచి ఎక్కే టైమ్ తీసేసుడే. ఆ పద్ధతి పెట్టింది నేనే. మూడు నెలల్ల ఆరువందల పేజీలు పంపినం.

అనూషకు నెల నిండనీకి వారం ఉందనంగ మాడ్రిడ్, లిస్బన్ పేజీ వచ్చింది. మాడ్రిడ్‌ల పదింటికి ఎక్కితే లిస్బన్‌ల పది ఇరవైకి దిగుతరు. లిస్బన్‌ల పదింటికి ఎక్కితే మాడ్రిడ్‌ల దిగేది పన్నెండు ఇరవైకి. ఎటు పోయినా అయిదువందల కిలోమీటర్లే. మిర్యాలగూడ బస్సుకు పోనెంతో రానంతే గదా, ఇదేంది గిట్లుందని నన్నడిగింది. గాలి ఎదురొస్తదేమో, నీకెందుకు, టైపు కొట్టు అన్న. కొట్టలే. సాయంత్రం దాక ఆ ఒక్క పేజీ మీదనే కూసుంది. తప్పని తెలిసి ఎక్కియ్యనన్నది. నాకు మండి, రేపటి నుంచి రాకు అన్న, అందరి ముంగటనే. ఆమె కండ్లు ఎర్రగైనయ్ గాని ఏడ్వలే.

"మా అన్న జగన్ మస్కట్ల ఉంటడు సార్. మాకు ఏడైతే ఆడ అయిదున్నర. ఈ రెండు ఊర్లకు గూడ గట్ల తేడా ఉంటదేమో సూడుండ్రి" అని చెప్పి బస్సుకు పోయింది.

సూడొద్దనుకున్న, మనసాగలే. నెట్‌ల వెతికిన. లిస్బన్ గడియారం మాడ్రిడ్ కంటే గంట వెనక నడుస్తది. అంటే పోను గంటా ఇరవై నిమిషాలే, రాను గంటా ఇరవై నిమిషాలే. పంపిన ఆరువందల పేజీలల్ల గిట్ల టైము తేడా ఉన్న ఊర్లన్నీ తప్పేనని సమజై భయమైంది. దానికంటె ఎక్కువ, ఆ పిల్ల ముఖం యాదికొచ్చి సిగ్గయింది.

తెల్లారి బండేసుకొని తండాకు పోయిన. వాళ్లమ్మ మంగ్లీ నాతోని మాట్లాడకుండ చేను దిక్కు చెయ్యి సూపించింది. అనూష మిరపకాయలు ఏరుతున్నది. తప్పు నాదే, పనికి రా అన్న. తలెత్తకుండనే అడిగింది.

"పంపిన పేజీల సంగతేంది సార్?"

వాటిల తప్పులు ఎవ్వరూ పట్టుకోలేదన్న. అవి సదివి జనం ప్రయాణాలు పెట్టుకుంటరు, సరిచేస్తనంటేనే వస్త అన్నది. కంపెనీకి చెప్తే కాంట్రాక్టు పోతదేమోనని నాకు బుగులు. అయినా ఆ రోజే, తప్పు నాది, పట్టుకున్నది అనూష అని మెయిల్ రాసిన. అన్నీ సరిచేసి పంపుండ్రి, ఇగ ప్రతి పేజీ ఆమె సూసినంకనే పంపుండ్రి అని జవాబొచ్చింది.

మూడేండ్లైంది. పోయిన వారం నేను కొట్టిన పేజీ ఒకటి అనూష వాపస్ పంపింది. నాకు మస్తు కోపమొచ్చింది. మళ్ల సూసుకుంటే తప్పు నాదే.