ఆగగలిగినవాళ్ల కట్ట

మా ఆసుపత్రి ప్రసూతి విభాగంలో అపాయింట్‌మెంట్లు రాసే ఆవిడను అందరం చీటీలక్క అంటాం. పక్క కుర్చీలో రిజిస్టరు రాసేది నేను. ఆమెకు పెళ్లయి పద్నాలుగేళ్లు, పిల్లల్లేరు. లోపలికొచ్చే ప్రతి కడుపునూ టేపు పెట్టకుండానే కొలిచేస్తుంది. తన నోరు మంచిదే గానీ కళ్లే మంచివి కావని తనే చెప్పుకుంటుంది.

మహమ్మారి వచ్చాక డాక్టరమ్మ కార్డులను రెండు కట్టలు చేయమంది. కాన్పులు, గర్భిణుల స్కానింగులు ఆగలేనివి. పిల్లల కోసం చేసే చికిత్సలు ఆగగలిగినవి. రెండో కట్టలో ఒక్కొక్కరికీ చీటీలక్క ఫోన్ చేసి, చికిత్స వాయిదా పడిందని చెప్పి, కార్డు మీద 'చెప్పాను' అని రాయాలి. అందరూ అడిగేది ఒకటే, "ఎన్నాళ్లండీ?" అని. తెలియదమ్మా అంటుంది. ఆ కట్టలో ఆమె కార్డూ ఉంది. ఈ ఏడాది దాటితే ఆశ తక్కువని డాక్టరమ్మ ముందే చెప్పింది.

సరిగ్గా అప్పుడే స్కానింగు కోసం ఆమె తోడికోడలి కార్డు వచ్చింది. పెళ్లయిన ఏడాదికే అయిదో నెల! చీటీలక్క కళ్లలో నిప్పులు పోసుకుంది. ఆ కార్డును తీసి రెండో కట్టలో, తన కార్డు పైన పెట్టింది.

"నేను ఆగగా లేనిది, అది ఆగలేదా?" అంది నాతో.

తప్పని తెలిసీ నేను రిజిస్టరు రాసుకుంటూ ఉండిపోయాను.

మూడో రోజు ఆ కార్డు వంతు వచ్చింది. చీటీలక్క స్పీకరు పెట్టి ఫోన్ చేసింది. ఈమె నోరు తెరిచేలోపే తోడికోడలు అందుకుంది.

"అక్కా, బిడ్డ కదులుతున్నట్టు లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నా. స్కానింగు గదిలోకి ఆయన్ని రానివ్వరటగా, నువ్వుంటావా?"

చీటీలక్క ఆ కార్డును తీసి మొదటి కట్టలో పెట్టింది. వెంటనే బయల్దేరి రమ్మంది.

స్కానింగు గదిలో అరగంట ఆ పిల్ల చెయ్యి పట్టుకునే నిలబడింది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది.

"గుండె బాగా కొట్టుకుంటోంది. బిడ్డకేం కాలేదు. అయినా నా కుళ్లు తగ్గలేదే," అంది.

కట్టలో ఇంకొక్క కార్డే మిగిలింది. తన కార్డే. దాని మీద 'చెప్పాను' అని రాయబోతుంటే లాక్కున్నాను. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పనేలేదు. తను ఫోన్లో అందరికీ చెప్పేది చెప్పినట్టే చెప్పాను.

"అమ్మా, మీ చికిత్స వాయిదా పడింది. మళ్లీ మేమే కబురు చేస్తాం."

ఎప్పుడూ నన్ను 'ఒసే' అని పిలిచే మనిషి, ఒళ్లో చేతులు పెట్టుకుని నా వైపు చూసింది.

"ఎన్నాళ్లండీ?" అని అడిగింది.