పర్సోం వచ్చిన వెలుగు

సెప్టెంబరు చివర సరిహద్దు మీది సైనిక పోస్టుకు చేరాము. తొంభైల చివరి సంవత్సరాలు. లడఖ్ తూర్పు భాగం. అంతకు మించి చోటు చెప్పను, అది నేను సంతకం పెట్టి ఇచ్చిన మాట. రాతిగోడల బంకరు ఒకటి. దాని పక్కన వంటశాల. బంకరు లోపల బుఖారీ, అంటే గది వెచ్చబెట్టే కిరోసిన్ పొయ్యి. ఎదురుగా గడ్డిపోచ లేని ఎర్రటి శిఖరాల వరుస, దాని అవతల పరదేశం. ఆ వరుసను చూడడం, చూసింది కంపెనీకి రేడియోలో చెప్పడం మా పని.

పోస్టుకు హవల్దారును నేను. మాది హైదరాబాదులో గౌలిపుర. రేడియో చూసే నాయక్, అంటే నాకు ఒక మెట్టు కింది హోదా వాడు, అదే ఊళ్లో జహనుమా మనిషి. అంత ఎత్తున మన ఊరి మాట వినపడితే సగం చలి తగ్గేది. అతని చూపు మహా పదును. నేను బైనాక్యులర్‌తో వెతికే జడలబర్రెల మందను అతను ఉత్త కంటితో పట్టేవాడు. హవల్దారుగా పదోన్నతికి అతని పేరు పైకి పంపింది నేనే.

నవంబరులో ఒక సాయంత్రం, ఆరుకు పది నిమిషాల ముందు, వరుస మీద పసుపు వెలుగు లేచింది. చప్పుడు లేదు. శిఖరం పైన నిలబడింది. ఎడమకు జరిగింది. మళ్లీ నిలబడి ఆరిపోయింది. శుక్రగ్రహం కాదు. అది అప్పటికే పడమట తన చోట తాను ఉంది. నేను, నాయక్, వంటవాడు, కాపలా జవాను, నలుగురమూ చూశాము.

నాయక్ చూసింది చూసినట్టు రేడియోలో చెప్పాడు. చివర ఒక మాట కలిపాడు. “సాబ్, పర్సోం భీ ఆయా థా. ఐసాచ్ పీలా.” మొన్న కూడా వచ్చింది, ఇట్లాగే పసుపుగా, అని.

ఆ సాయంత్రం బుఖారీ చుట్టూ చర్చ నడిచింది. వంటవాడు కరీంనగర్ వైపు మనిషి.

“వేరే గ్రహంకెళ్లి వచ్చినోళ్లే అన్నా. మనమేం చేస్తున్నమో చూస్తున్రు.”

“మనల్ని చూసి ఏం నేర్సుకుంటరు భాయ్?” అన్నాడు నాయక్. “నీ పప్పుల రాళ్లు ఏరుడా?”

“ఏరకపోతే నీ పళ్లు రాలుతయ్. మూసుకొని తిను.”

అవతలి దేశపు కొత్త విమానమేమో అన్నాను నేను. ఎవరి మాటకూ ఆధారం లేదు. ఆ సంగతి మాకు తెలుసు.

వారం తర్వాత రేషన్ బండితోపాటు ఒక మేజర్ సాబ్ విచారణకు వచ్చారు. ఉత్తరాది మనిషి. నాయక్‌ను నిలబెట్టి అడిగారు. వెలుగు కనిపించిన రోజుకు రెండు రోజుల ముందు ఇక్కడ మంచు తుఫాను. తాడు పట్టుకోనిదే మరుగుదొడ్డికి కూడా పోలేకపోయారని మీ పోస్టే చెప్పింది. “ఔర్ తుమ్‌కో పర్సోం ఆస్మాన్ దిఖా?” మరి నీకు మొన్న ఆకాశం కనిపించిందా, అని.

“వో పర్సోం నై సాబ్,” అన్నాడు నాయక్. “పర్సోం.”

మేజర్ సాబ్ నా వైపు చూశారు. నేను అనుమతి తీసుకుని వివరించాను. హైదరాబాదులో పర్సోం అంటే నిన్నకు ముందు రోజు ఒక్కటే కాదు. పోయిన నెలా పర్సోమే, పోయిన పండుగా పర్సోమే. మా బస్తీలో పెళ్లై పిల్లలు పుట్టినవాడు కూడా పర్సోం పెళ్లైందంటాడు. ఇతను అబద్ధం చెప్పలేదు, తన ఊరి మాట చెప్పాడు.

ఆయన నవ్వారు. “ఠీక్ హై. తో తారీఖ్ బోలో.” సరే, అయితే తేదీ చెప్పు, అని.

నాయక్ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. “ఠండ్ షురూ హోతేచ్, సాబ్.” చలి మొదలవుతూనే, అని.

మేజర్ సాబ్ కలానికి మూత పెట్టారు. తప్పుడు సమాచారం ఇచ్చాడన్న అభియోగం పోయింది. దాని బదులు నమ్మదగని పరిశీలకుడు అన్న ముద్ర పడింది. మిగతా ముగ్గురం చూసినది కూడా ఆ ఒక్క ముద్ర కిందే పోయింది. ఇంటికి రాసే ఉత్తరాలలో దీని ప్రస్తావన ఉండకూడదని ఆజ్ఞ. నాయక్ చెవుల మీది హెడ్‌ఫోన్ మరొకరికి ఇచ్చారు. ఆ చలికాలమంతా అతను కిరోసిన్ డబ్బాలు మోశాడు. పదోన్నతికి వెళ్లిన పేరు వెనక్కు వచ్చింది.

ఆ వెలుగు సంగతి తేల్చమని నేను పైకి రాశాను. చూడదగ్గది ఏదీ లేదు, విషయం ముగిసింది అని జవాబు. పెన్షన్ తీసుకున్నాక మళ్లీ రాశాను. దేశ భద్రత దృష్ట్యా వివరాలు వెల్లడించలేము అని జవాబు. ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చదవండి. ఏమీ లేకపోతే దాచేది ఏమిటి? ఉన్నట్టయితే, దాన్ని చూసినవాడు నమ్మదగనివాడు ఎట్లా అయ్యాడు? రెండూ ఒకేసారి నిజం కాజాలవు. ఒక మనిషి పరువు ఈ రెండింటి మధ్య నలిగింది.

ఆ చలికాలం గడిచాక, వేసవిలో పోస్టు నుంచి కిందికి దిగి, సెలవు మీద గౌలిపుర వచ్చాను. వంటవాడు ఎక్కడ ఎవరికి చెప్పాడో, కథ నాకంటే ముందే బస్తీ చేరింది. పాలు పోసే పక్కింటి ఆయన హోటల్లో పట్టుకున్నాడు.

“మిలిటరీల ఉన్నవ్ గద అన్నా, నిజం చెప్పు. సర్కార్ దాస్తున్నదా లేదా?”

“దాస్తున్నది. ఏం దాస్తున్నదో నాకు తెలువది.”

“అంటే ఉన్నట్టే!” అని బల్ల చరిచాడు.

ఎగిరే పళ్లాలన్నీ ఆ “అంటే” లోంచే పుడతాయి. నాకు అతని మీద కోపం రాలేదు. ఆ ఖాళీని వదిలిపెట్టిన వాళ్ల మీద వచ్చింది, ఇంకా ఉంది.

నాయక్ సర్వీసు గడువు తీరగానే ఇంటికి వచ్చేశాడు. ఆ ఏడు రంజాన్ చివరి సాయంత్రం నన్ను జహనుమా పిలిచాడు. నెలవంక కోసం మేడలన్నీ జనంతో నిండి ఉన్నాయి. పడమట దుమ్ము, దాని మీద పలచని ఎరుపు. అందరి తలలూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. నాయక్ తల ఒక్కచోట ఆగింది. ఆ చూపు నాకు తెలుసు. కుడి చెయ్యి నడుము దాకా లేచింది, వేలు సగం తెరుచుకుంది, మళ్లీ దిగిపోయింది.

“దిఖా క్యా రే?” కనిపించిందా, అని అడిగింది అతని తల్లి.

“మాలూమ్ నై అమ్మీ. ఔరోంకు పూఛో.” తెలియదు, వేరేవాళ్లను అడుగు, అన్నాడు.

పక్క మేడ మీద కేక లేచింది. వీధిలో వేళ్లన్నీ ఒక్కసారి పైకి లేచాయి, అతను ముందే చూసిన చోటికే. అప్పుడు నాయక్ కూడా తల ఎత్తి, కొత్తగా చూస్తున్నట్టు అటు చూశాడు.