మొగ్గ మీదున్న చామంతులు

మా మేనత్త పోయింది. ఫిబ్రవరి మొదట్లో, చలి ఇంకా పూర్తిగా వదలని ఒక ఉదయం, ఆస్పత్రిలో నిద్రలోనే పోయింది. ఆ కబురు ఇంట్లోవాళ్ళకి తప్ప నేను ఎవరికీ చెప్పకముందే మా బిల్డింగు వాట్సాప్ గ్రూపులోకి ఎక్కేసింది. మా సెక్రటరీ గారు పెట్టారు. "మన గార్డెన్ ఆంటీ ఇక లేరు" అని, కింద వరసగా గులాబీ బొమ్మలు, దండం పెట్టే చేతులు. కాసేపట్లో బిల్డింగు మొత్తం అవే చేతులు పెట్టింది. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని వాటిని చూస్తుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. దాన్ని దాచుకుని ఆవిడ గురించి తీయగా నాలుగు మాటలు రాయడం నా చేత కాదు. చదివేవారు మన్నించాలి.

ఆవిడ మా నాన్న చెల్లెలు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి, గార్డెన్ రీచ్ ఓడరేవు డాకుల్లో పనికి వచ్చిన మనిషి. అత్త ఇక్కడే పుట్టింది, ఇక్కడే నర్సు చదువు చదివింది, రేవు దగ్గరి ఆస్పత్రిలో రిటైరయ్యేదాకా మగాళ్ళ వార్డు చూసుకుంది. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక భవానీపూర్‌లో మేముంటున్న బిల్డింగులోనే పై అంతస్తులో చిన్న ఫ్లాటు తీసుకుంది. చూడటానికి వచ్చిన రోజున వంటగది తలుపైనా తెరవలేదు. తిన్నగా మేడెక్కి, ఎండ ఎటునుంచి ఎటు పోతుందో కాసేపు చూసి, "బావుంది, తీసీసుకుందాం" అంది.

ఆ మేడ మీద ఆవిడ చలికాలం తోట పెంచింది. ఈ ఊళ్ళో వేసవిలో మేడ మీద ఏ మొక్కైనా మాడిపోతుంది, వానల్లో కుళ్ళిపోతుంది. పువ్వుకీ కూరకీ మంచి రోజులు ఆ కాస్త చలికాలమే. అందుకని అందరూ డిసెంబరులో నర్సరీకి వెళ్ళి పూసిన కుండీలు కొనుక్కొస్తారు. అత్తకి అది గిట్టేది కాదు. "ఈ ఊరికి చలి చుట్టపుచూపుగా వస్తాదే అమ్మీ. అదొచ్చేక పొయ్యి వెలిగిస్తే, తినకండానే వెళ్ళిపోతాది" అనేది.

అందుకే ఆవిడ చలికాలం వానల్లో మొదలయ్యేది. జూలైలో చామంతి కొసలు కత్తిరించి తడి ఇసకలో గుచ్చి నీడన పెట్టేది. అవి వేరు తొడిగాక చిగుళ్ళు తుంచి గుబురు చేసేది. దుర్గాపూజ సెలవుల్లో ఊరంతా పందిళ్ళు చూడ్డానికి తిరుగుతుంటే, ఈవిడ మెట్ల మీద కూర్చుని వాటిని పెద్ద కుండీల్లోకి మార్చేది. ఆవనూనె తీశాక మిగిలే చెక్కని, ఇక్కడివాళ్ళు ఖోల్ అంటారు, బకెట్లో నానబెట్టి మూత పెట్టి, బాగా ఊరాక పలచన చేసి పోసేది. ఆ వాసనకి కింద అంతస్తు వాళ్ళు కూడా కిటికీలు మూసుకునేవాళ్ళు. నవంబరు వచ్చేసరికి ఒక్కో కొమ్మకి ఒక్క మొగ్గ ఉంచి మిగతావన్నీ గోటితో గిల్లేసేది. నాకు ప్రాణం ఉసూరుమనేది.

"అన్నీ ఉంచితే ఏటవుతాది అత్తా?" అని అడిగాను ఒకసారి.

"ఏటవుతాది, ఒక్కటీ సరిగ్గా పుయ్యదు. వార్డులో పదిమందిని ఒక్క మంచం మీద పడుకోబెడతామేటి?" అంది.

మొక్కలకి సాయంత్రం నీళ్ళు పొయ్యనిచ్చేది కాదు. చలిలో ఎవర్నీ తడికాళ్ళతో పడుకోబెట్టకూడదని ఆవిడ సిద్ధాంతం. చామంతులు కాక పెయింటు డబ్బాల్లో కాలీఫ్లవర్, థర్మోకోల్ పెట్టెల్లో పాలకూర, పిట్టగోడ వారన టమాటా, ఎప్పటికప్పుడు కొత్తిమీర. ఆ కొత్తిమీర తినని ఇల్లు మా బిల్డింగులో లేదు. సెక్రటరీ గారి భార్య అయితే పొద్దున్నే పైకొచ్చి స్వయంగా కోసుకెళ్ళేది. అత్త ఆవిడకి మొక్క వేళ్ళతో ఊడి రాకుండా కొయ్యడం నేర్పింది.

చామంతులు మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. అవి క్రిస్మస్‌కి. గార్డెన్ రీచ్‌లో మా తాతల నాటి తెలుగు చర్చి ఉంది, అందులో క్రిస్మస్ ఆరాధనకి ముందుండే బల్ల మీద పువ్వులు ఏళ్ళ తరబడి అత్తవే. తెల్లవి, లేత పసుపువి, ఒక్కోటి పసిపిల్ల తలంత.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా సెక్రటరీ గారు మన తెలుగువాడే. ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డ బ్యాంకు అధికారి. ఆయనదీ పై అంతస్తే. పోయిన వానల్లో ఆయన పడకగది కప్పు మీద చెమ్మ మరక పడింది. దానికి కారణం మా అత్త కుండీలని ఆయన తేల్చేశారు. అత్త ఆయన్ని మేడ మీదికి రమ్మంది.

"నా కుండీలన్నీ ఇటుకల మీద ఉన్నాయి బాబూ, అవి మేడకి అవతలి పక్కనున్నాయి. మీ మరక నీళ్ళ ట్యాంకు కింద ఉంది. ఒకసారి పైకొచ్చి చూడండి."

"చూడాల్సిందేముంది ఆంటీ? కుండీలు తీసెయ్యాలని కమిటీ నిర్ణయం అయిపోయింది. నాకు వ్యక్తిగతంగా మీ మొక్కలంటే చాలా ఇష్టం" అన్నారాయన.

ఆయన పైకి రాలేదు. ఆ మాట మళ్ళీ చెబుతాను, ఎందుకంటే నా మంట అంతా అక్కడే ఉంది. ఆయన గుమ్మం నుంచి మేడ మీదికి ఒక్క వరస మెట్లు. కమిటీలో ఇంజనీరు ఉన్నాడు, కాలేజీ ప్రొఫెసరు ఉన్నాడు. ఒక్కరూ ఆ మెట్లెక్కి ట్యాంకు కింద తడిగా ఉందా లేదా అని చెయ్యి పెట్టి చూడలేదు. క్రిస్మస్ అయ్యేదాకా గడువిమ్మని అత్త అడిగింది. చూద్దాం అన్నారు. డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం, మేమిద్దరం చర్చికి వెళ్ళిన పూట, కూలీలను పెట్టి మేడ ఖాళీ చేయించేశారు.

మేం మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కుండీలన్నీ వెనక గేటు దగ్గర, చెత్తకుండీ పక్కన పడి ఉన్నాయి. కాలీఫ్లవర్ డబ్బాలు బోర్లా పడ్డాయి. చామంతులు మొగ్గ మీదున్నాయి, రంగు కూడా కనిపిస్తోంది. సగానికి సగం కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి.

సెక్రటరీ గారు కిందికి వచ్చారు. "పగలకుండా జాగ్రత్తగా దించమనే చెప్పాను ఆంటీ" అన్నారు.

నేను నోరు తెరవబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆయన్నే చూస్తూ అడిగింది. "క్రిస్మస్ దాకా ఆగలేకపోయేరేటి బాబూ? కడుపుతో ఉన్నదాన్ని కదపడానికైనా ఒక పద్ధతుంటాది."

ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

అత్త చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే ఆ చెత్త పక్కన చతికిలబడింది. "పైకెళ్ళి నా గాజుగుడ్డ చుట్ట, ప్లాస్టరు పట్రా. కొబ్బరి చీపురు కూడా తే" అంది. నేను తెచ్చేలోగా కుండీలను రెండు గుంపులు చేసింది. బతికేవి ఒకవైపు, బతకనివి ఒకవైపు. ప్రమాదం జరిగిన రోజు వార్డులో అలాగే చేసి ఉంటుంది. చీపురు పుల్లలు విరిచి, విరిగిన ఎముకకి కట్టే దబ్బల్లా ఆనించి, విరిగిన కొమ్మకి గాజుగుడ్డ చుట్టి ప్లాస్టరు వేసింది. ఎండ దిగిపోయేదాకా అదే పని. అటు వెళ్ళేవాళ్ళు ఒక్క క్షణం నిలబడి "అయ్యో" అని లిఫ్టు ఎక్కేవాళ్ళు. నేను ఒక్కసారి మాత్రం, "వీళ్ళని ఊరికే వదిలేస్తావా?" అన్నాను.

"కోపం నాకూ ఉందే. చేతులు ఖాళీ అయ్యేక పడతాను" అంది తలెత్తకుండా.

పాస్టరు గారికి ఫోన్ చేస్తే చర్చి ఆవరణలో దక్షిణపు గోడ పక్కన చోటిచ్చారు. మర్నాడు సామాన్లు మోసే వ్యాన్ రిక్షా మాట్లాడి బతికినవన్నీ అక్కడికి చేర్చాం. అది లారీలు తిరిగే రోడ్డు. ఆకుల మీద నల్లటి దుమ్ము పేరుకుపోయేది. అత్త రోజూ పొద్దున్నే బస్సెక్కి, మధ్యలో దిగి ఆటో పట్టుకుని, అక్కడికి వెళ్ళి తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచి, నీళ్ళు పోసి వచ్చేది. ఆయాసం అప్పటికే ఉంది. నేను వెళ్తానంటే వినలేదు. "నువ్వు ఆకులు తుడుస్తావు గానీ, మొగ్గలు రాల్చేస్తావు" అనేది.

క్రిస్మస్‌కి పూశాయి. అన్నీ కాదు, అంత పెద్దవీ కాదు. కొన్ని వంకర తిరిగాయి. బల్ల మీద పెట్టేటప్పుడు కొమ్మలకున్న కట్లు కనిపిస్తున్నాయని, బంగారు కాగితం చుడదామా అని పాస్టరు గారు అడిగారు.

"దాచడం దేనికండీ? దెబ్బ తగిలింది, మానింది. వచ్చినోళ్ళు చూస్తే ఏటి నష్టం?" అంది అత్త. కట్లతోనే పెట్టారు. ఆ రోజు ఆవిడ రెండో వరసలో కూర్చుని పాటలు పాడకుండా పువ్వులకేసే చూసింది.

జనవరిలో మంచం పట్టింది. గుండె అన్నారు డాక్టర్లు. కుండీల వల్లే పోయిందని నేను అనను. అంటే ఆవిడే ఒప్పుకోదు, నర్సు. కానీ ఆ నెలలోనే ఇంకోటి జరిగింది. కుండీలు పోయి అన్నాళ్ళైనా సెక్రటరీ గారింట్లో మరక పెరుగుతూనే ఉంది. ప్లంబరు వచ్చాడు, ట్యాంకు కింద పైపు పగిలిందని బాగు చేశాడు. ఆ సంగతి నాకు ప్లంబరే మెట్ల మీద చెప్పాడు. అత్త అప్పటికింకా ఇంట్లోనే ఉంది, పక్క గుమ్మంలోనే. ఆవిడ దగ్గరకు వెళ్ళి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఆ వారంలోనే మేడ మీద ప్లాస్టిక్ గడ్డి తివాచీ పరిచి, నాలుగు కుర్చీలు వేసి ఫొటోలు గ్రూపులో పెట్టారు.

ఖననం అయిన తర్వాతి ఆదివారం కింద హాల్లో సంతాప సభ పెట్టారు. సెక్రటరీ గారే మాట్లాడారు. అత్త ఆయనకి తల్లిలాంటిదట. బిల్డింగుకి పచ్చదనం విలువ నేర్పిందట. మేడకి ఆవిడ పేరు పెట్టి బోర్డు తగిలించాలని ప్రతిపాదించారు. చప్పట్లు కొట్టబోతున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"బోర్డు వద్దండీ. ఆవిడ బతికుండగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అది ఇప్పుడైనా చెప్పండి. మీ కప్పు మీద మరక దేనివల్ల వచ్చింది?"

"అమ్మా, ఇది దానికి సందర్భం కాదు" అన్నారాయన.

"సందర్భం జనవరిలో ఉండింది. అప్పుడు మీరు రాలేదు."

అప్పుడు వెనక వరసలోంచి ఆయన భార్య అంది, మెల్లిగా, కానీ అందరికీ వినపడేలా. "పైపు వల్ల. కుండీల వల్ల కాదు. వెళ్ళి చెబుదామని నేనన్నాను. ఈయన వద్దన్నారు. నేనైనా వెళ్ళాల్సింది."

సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తప్పయిందని అనలేదు, ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. సభ టీతో ముగిసింది. బోర్డు మాట మళ్ళీ రాలేదు. నాకు దక్కింది అంతే.

ఆవిడ నన్ను పెంచింది అనను, కానీ నాకు పని చెయ్యడం నేర్పింది. ఏ పనైనా ముందు మొదలుపెట్టమంది, దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూడమంది. ఆ రెండూ తెలియని మనుషులు ఆవిడ తోటని ఒక్క పూటలో తీసేశారు. అందుకు వాళ్ళని క్షమించమని మా చర్చిలో పెద్దవాళ్ళు చెబుతున్నారు. ప్రయత్నిస్తాను. ఆ కోపంతోనే ఇంకా చేతులు ఖాళీ కాలేదు.

నిన్న మధ్యాహ్నం బట్టలు తీయడానికి మేడెక్కాను. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. కుర్చీల్లో ఎవరూ లేరు. తివాచీ మధ్యలో ఒక బుల్‌బుల్ పిట్ట వాలి ఉంది. గూటికి పుల్లలు ఏరుకునే రోజులు. పచ్చటి పోగు ఒకటి ముక్కున కరుచుకుని లాగింది. అది రాలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, రెక్కలు విదిల్చి, మళ్ళీ లాగింది.