మనుషుల్లేని చేలు

జొన్న చేలల్లో తుప్పు తెగులు ఎంత ఉందో చూసి రాసివ్వడం నా మొదటి ఉద్యోగం. చేలో మనిషి ఉంటే పలకరించాల్సి వస్తుందని, ఎవరూ లేని చేలల్లోకే దిగేదాన్ని. విడపనకల్లు దగ్గర ఒక ఊళ్లో ఏ ఆకు తుడిచినా వేలికి ఎర్రటి పొడి అంటింది. ఊరంతా తెగులేనని రాసిచ్చాను.

మా ఆఫీసరు నమ్మలేదు. "తప్పని తేలితే నీ ఉద్యోగం ఉండదు" అంటూ నన్ను వెంటబెట్టుకొని, చేలో పని చేస్తున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లారు. అక్కడ ఆకులు పచ్చగా ఉన్నాయి. నేను చూసిన చేలేవో చూపించాను.

"తెగులు పట్టిందనే కదప్పా, అవి ఇడిసిపెట్టి కూలికి పోయినారు" అని ఒక అవ్వ నవ్వింది. "ఈ పాప మమ్మల్ని చూస్తానే పక్కకు తిరిగిపోతాండె."

ఆఫీసరు నా ఉద్యోగం తీసేయలేదు. ఇకమీదట మనుషులున్న చేలల్లోకి కూడా దిగి, వాళ్లతో మాట్లాడి రాయమన్నారు. తీసేసినా బాగుండేదనిపించింది.