నిలువురాయి కింది కొడవలి

విడవలూరు దాటి సముద్రం వైపు వెళ్తే గులకరాయి కూడా దొరకదు. అయినా మా మొలగొలుకుల వరి చేలో, నట్టనడుమ, భుజమెత్తు రాయి ఒకటి నిలబడి ఉండేది. ఎవరు నిలిపారో మా తాతకే తెలియదు. కోతల నాడు తొలి గుప్పెడు కంకులు దాని మొదట్లో పెట్టడం మా ఇంటి ఆడవాళ్ల పని. మేము క్రైస్తవులమై రెండు తరాలైనా ఆ అలవాటు పోలేదు. నా భార్య కంకులు పెట్టి, "అయ్యగారికి చెప్పబాకండి" అని నవ్వేది. మా పాస్టరుగారికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

పెళ్లైన మూడో ఏడు, అరవై రెండులో, ఆమె జ్వరంతో పోయింది. సరుగుడు తోపు పక్కన ఇసుకలో పూడ్చాం. చెక్క సిలువను ఆరు నెలల్లో చెద తినేసింది. ఆదివారం ఆదివారం వెళ్లి, గాలికి కుంగిన ఇసుకను దోసిళ్లతో ఎగదోసి వచ్చేవాణ్ణి. నేను కూడా పోతే ఆమె ఎక్కడుందో ఎవరికి తెలుస్తుందని భయం పట్టుకుంది. రాయి ఒకటి పాతాలి. చుట్టుపక్కల ఉన్నది ఆ ఒక్క రాయే.

మా అన్నను సాయం పిలిచాను. ఎండాకాలంలో ఇద్దరం పొద్దున్నుంచి రాయి మొదలు తవ్వాం. నడుము లోతున పారకు కుండ తగిలింది. అందులో ఎముకలు, వాటి మీద తుప్పుపట్టిన కొడవలి. మా కొడవళ్లకన్నా చిన్నది, వంపు మాత్రం అదే. ఆడమనిషి చేతికి చేయించింది కాబోలు.

అన్న రాయిని చేత్తో తడిమి చూశాడు. "ఈ రాయి ఈడది కాదురా. పడమటి కొండల కాణ్ణించి లాక్కొచ్చుంటారు. ఎంతమంది లాగినారో."

"ఒక మనిషి కోసరం" అన్నాను.

అడవి కొట్టి ఈ నేలను తొలిసారి దున్నినవాళ్లు వాళ్లే అయి ఉంటారు. తమ మనిషిని చేలోనే దాచుకుని గుర్తుగా రాయి నిలిపారు. పేరు పోయింది, గుప్పెడు కంకులు మిగిలాయి.

"ఎత్తుకుపోదామా? నీ ఇష్టం" అన్నాడు అన్న.

అబద్ధం ఎందుకు, ఎత్తుకుపోవాలనే ఉంది. కుండలో ఉన్నామె ఎవరైతే నాకేం? కానీ ఆ కుండను పూడ్చినవాడు కూడా నాలాగే భయపడి ఉంటాడు. వాడి గుర్తు చెరిపి నా గుర్తు పెట్టుకోవడానికి చేతులు రాలేదు. కొడవలిని ఉన్నచోటే ఉంచి, మట్టి కప్పి, ఒరిగిన రాయిని మళ్లీ నిలబెట్టాం.

ఆ ఏడు తుఫానుకు ఇసుకదిబ్బలు జరిగిపోయాయి, సరుగుళ్లు కూలిపోయాయి. మధ్యాహ్నమంతా మోకాళ్ల మీద వెతికాను. నా భార్య ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయాను. ఇంటికి వచ్చి ఏడ్చాను.

కోతలు వచ్చాయి. కంకులు పెట్టడానికి ఇంట్లో ఆడవాళ్లు లేరు. నేనే గుప్పెడు కోసి రాయి మొదట్లో పెట్టాను. పది అడుగులు వేసి ఆగాను. మళ్లీ చేలోకి దిగి ఇంకో గుప్పెడు కోసుకొచ్చి, దాని పక్కన పెట్టాను.