గాట్లు పెట్టిన కొబ్బరి ఈనె

మొన్న మంగళవారం ఉదయం కవిటి నుంచి ఫోను వచ్చింది. పలాసలో ప్రింటర్లు బాగుచేసే సావిత్రమ్మ ముందురోజు సాయంత్రం కన్నుమూసిందట. చేతిలో కలం అలాగే ఉండిపోయింది. నలభై ఏళ్లుగా రోజూ రాస్తున్న డైరీలో ఆ పూట తేదీ తప్ప మరేమీ రాయలేకపోయాను.

ఉద్దానంలో ఎందరినో తీసుకుపోయిన మూత్రపిండాల వ్యాధే ఆమెనూ తీసుకుపోయింది. వారానికి రెండు రోజులు డయాలసిస్, మిగతా రోజులు దుకాణం. చివరి వారం వరకూ ఆ క్రమం తప్పలేదు. జలంత్రకోట జీడితోటల మధ్య పుట్టింది. పదో తరగతితో చదువు ఆగింది. భర్త పోయాక ఆయన దుకాణం తలుపులు తానే తెరిచి, పాడైన యంత్రాలను విప్పి, బిగించి, మళ్లీ విప్పి విద్య నేర్చుకుంది. నౌపడ నుంచి సోంపేట దాకా ఏ కార్యాలయంలో ప్రింటరు మొరాయించినా ముందు తలుచుకునేది ఆమెనే.

ఆమె సంచిలో స్క్రూడ్రైవర్లతో పాటు ఒక కొబ్బరి ఈనె ఉండేది. దాని మీద బ్లేడుతో పెట్టిన నాలుగు గాట్లు. అచ్చయిన కాగితం మీద ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే ఆ దూరాన్ని ఈనెతో కొలిచేది. ఒక్కో రోలరు ఒక చుట్టు తిరిగితే ఎంత దూరమో ఒక్కో గాటు చెబుతుంది. ఏ గాటుకు సరిపోతే ఆ రోలరు అరిగినట్టు. మూత తీయకముందే జబ్బు చెప్పేది.

మొదటిసారి టెక్కలిలోని మా కార్యాలయానికి వచ్చినప్పుడు అటెండరు అప్పన్న నవ్వాడు.

“ఏటప్పా, సీపురు పుల్లతో మిషను బాగుసేత్తావేటి?”

“నువ్వు తుడవడం మానేసినావు కదా తమ్ముడూ. పనిలేక ఆ పుల్ల నా కాడికొచ్చేసింది,” అంది ఆమె తల ఎత్తకుండానే.

ఆమె గొప్పతనం చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. అప్పుడు నేను అక్కడ సూపరింటెండెంటును. కిడ్నీ రోగుల పింఛను పత్రాలు అచ్చువేసి సంతకాలు చేయించి ఇవ్వడానికి ఆ రోజే గడువు. కవిటి వైపు నుంచి వచ్చినవాళ్లు వసారా నిండా కూర్చున్నారు. వారం రోజులుగా ఉండుండి కీచుమంటున్న ప్రింటరు ఆ ఉదయం గరగరలాడి ఆగిపోయింది. కబురందుకుని వచ్చిన సావిత్రమ్మ ఎడమవైపు మూత తీసి వాసన చూసింది.

“ఇందులో కొబ్బరినూనె పడ్డాది.”

మా పై అధికారి అప్పన్న వైపు తిరిగాడు. “నీ పనేనా? రేపటి నుంచి రావద్దు.”

“నాను కాదు బాబూ, పిల్లల మీద ఒట్టు!”

వేసింది నేను. ఇంట్లో తలుపు బందులకూ కుట్టుమిషనుకూ వేసినట్టే దీనికీ వేశాను. చప్పుడు ఆగితే సంబరపడ్డాను కూడా. ఇప్పుడు ఆ మాట చెప్పకుండా బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

సావిత్రమ్మ గడియారం చూసింది. “ఎవులు ఏసినారో నాకొద్దు బాబూ. ఎక్కడేసినారు, ఎన్ని సుక్కలు, ఎన్నిసార్లు, అది సెప్పండి. తెలీకపోతే మిషనంతా ఇప్పాలి. ఈ పూటకి అవ్వదు.”

వసారాలో ఎవరో ముసలాయన దగ్గుతున్నాడు. సొరుగులోంచి డైరీ తీసి అందరి ముందూ చదివాను. “సోమవారం. ప్రింటరు ఎడమవైపు పళ్ల చక్రాలకు నేనే రెండు చుక్కలు వేశాను. చప్పుడు ఆగింది. గురువారం. అక్కడే మరో మూడు చుక్కలు.”

అధికారి ఈసారి నా వైపు తిరిగాడు. సావిత్రమ్మ వెంటనే ఆయనతో, “సూసినారా? ఈ బాబు రాసుకోబట్టి మిషను బతికినాది. ఆ ఒక్క పక్క ఇప్పితే సాలు,” అంది. తర్వాత నాకు మాత్రమే వినపడేలా, “సప్పుడు ఆగిందంటే జబ్బు తగ్గినట్టు కాదు బాబూ. దాని నోరు నొక్కేసినారంతే,” అంది.

నూనెకు అచ్చువేసే నల్లటి పొడి అంటుకుని, ఇసుకలా మారి, ప్లాస్టిక్ చక్రం పళ్లను కొరికేసింది. అదంతా తుడిచి, తన సంచిలో ఉన్న పాత యంత్రం చక్రం ఒకటి అమర్చింది. మధ్యాహ్నం మూడింటికి మొదటి పత్రం బయటికి వచ్చింది. ఆ సాయంత్రం వసారా నుంచి ఒక్కరు కూడా ఉత్త చేతులతో వెళ్లలేదు. మర్నాడు అప్పన్న ఎప్పటిలాగే పనికి వచ్చాడు. నేను క్షమించమని అడిగితే టీ తెచ్చి ఇచ్చాడు.

అప్పటి నుంచి సావిత్రమ్మ తాను బాగుచేసిన ప్రతి ప్రింటరు పక్కనా దారం కట్టిన నోటుపుస్తకం వేలాడదీసేది. యంత్రాన్ని ఎవరు ఏం చేసినా అందులో రాయాలి. దానికి ఆమె పెట్టిన పేరు ‘టెక్కలి బాబు కానూను’. నేను సిగ్గుపడిన పనిని నా పేరు మీద మర్యాదగా మార్చిన మనిషి ఆమె. అలాంటి మెకానిక్కు నా ఎరుకలో మరొకరు లేరు, ఇక రారు.

నా పదవీ విరమణ నాడు అందరూ శాలువలు తెస్తే ఆమె ఒక కొత్త ఈనె తెచ్చింది, నాలుగు గాట్లు పెట్టి. “మీకు రాసుకోడం వొచ్చు. కొలుసుకోడం కూడా రావాలి,” అంది.

నిన్న ఆమె సంతాపసభ కరపత్రం అచ్చు వేయించడానికి పాత కార్యాలయానికి వెళ్లాను. అదే ప్రింటరు. అప్పన్న కాగితం పెట్టి పక్కకు నిలబడ్డాడు. గరగర లేదు, కీచు లేదు. సావిత్రమ్మ ఫొటోతో కాగితం వెచ్చగా చేతికి వచ్చింది. అలవాటు కొద్దీ డైరీలోంచి ఈనె తీసి దాని మీద పైనుంచి కిందికి జరుపుతూ చూశాను.

కొలవడానికి ఒక్క మచ్చ కూడా లేదు.