కోరస్‌లో అమ్మ గొంతు

పెళ్లికి ముందు విజయనగరంలో ఉన్నప్పుడు అమ్మ ఒక భక్తిపాటల క్యాసెట్టులో కోరస్ పాడింది. నాన్నకు ఇక్కడ బిలాస్‌పూర్‌లో, రైల్వే లోకో షెడ్డులో ఉద్యోగం. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చేసిన అమ్మ మళ్లీ మైకు ముందు నిలబడలేదు. ఆ క్యాసెట్టు ఎప్పుడో పోయింది. నెట్‌లో ఎవరో పెట్టిన పాటలు ఫోన్లో వింటే, కోరస్ దగ్గర గొంతులన్నీ ముద్దగా కలిసిపోయేవి. ఇందులో నేనున్నానని అమ్మ అంటే మేం ఊరికే తలూపేవాళ్లం.

కిందటి వానాకాలం, నేను పనిచేసే బ్యాంకుకు సెలవు రోజున, ఆ క్యాసెట్టు పేరు కొట్టి వెతుకుతుంటే ఒక చిన్న వెబ్‌సైటు కనిపించింది. ఆ పాటలు రికార్డు చేసినాయన కొడుకు నడుపుతున్నాడు. తండ్రి దాచిన అసలు టేపుల్లోంచి పాటల్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఆల్బంగా అమ్ముతున్నాడు. మామూలు ఎంపీ3లతో పాటు, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లు కూడా ఉన్నాయి. అవే కొన్నాను. ఫైళ్లు పెద్దవి. వానకు మా కాలనీలో నెట్ ఆగుతూ సాగుతూ, డౌన్‌లోడ్ అయ్యేసరికి మధ్యాహ్నమైంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందు నేనే విన్నాను. రెండో పాటలో కోరస్ రాగానే ఎడమ చెవిలో ఒక సన్నని గొంతు విడిగా, స్పష్టంగా వినిపించింది. అది అమ్మదేననుకున్నాను. కళ్లు చెమర్చాయి. వంటింట్లో తోటకూర బాగుచేస్తున్న అమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాను. విని, మళ్లీ పెట్టమంది.

"ఎడమ పక్క వినిపించేది నువ్వే కదమ్మా?" అన్నాను.

"నాను కాదే. నా పక్కన నిల్చున్న పిల్లది ఆ గొంతు."

నాకు ఉసూరుమనిపించింది. అమ్మ మాత్రం నవ్వుతోంది. ఇద్దరిదీ ఒకే వీధట. రికార్డింగ్ రోజు ఆ అమ్మాయి భయంతో వణుకుతుంటే, పాట అయ్యేదాకా అమ్మ ఆమె చెయ్యి పట్టుకునే ఉందట. పెళ్లిళ్లయ్యాక ఒకరి కబురు ఒకరికి తెలియలేదు.

మరోసారి వింటూ అమ్మ వేలెత్తింది. "ఇక్కడ ఒకలు కాస్త లేటుగా ఎత్తుకున్నారు సూడు. అది నాను."

హెడ్‌ఫోన్లు తీసుకుని విన్నాను. నిజమే. అందరి వెనకా, కొంచెం ఆలస్యంగా, నేననుకున్నదానికంటే బొంగురుగా ఒక గొంతు వచ్చి కలిసింది. ఆ రోజు ఆ తప్పు ఎవరూ పట్టుకోలేదంది అమ్మ.

సాయంత్రం విజయనగరం నుంచి మావయ్య ఫోన్ చేసి, విషయం తెలిసి, పాటలు వాట్సాప్‌లో పంపమన్నాడు.

"ఆ అబ్బాయి అమ్ముతన్నాడు కదరా, కొనుక్కో. లింకు పిల్ల అంపుతాది" అంది అమ్మ. తర్వాత ఆ స్నేహితురాలి గురించి అడిగింది. వాళ్లు ఇల్లు అమ్మేసి ఎప్పుడో వెళ్లిపోయారని, ఎక్కడికో తెలియదని మావయ్య చెప్పాడు. అమ్మ "అచ్ఛా" అంది.

ఇప్పుడు మధ్యాహ్నాలు పనయ్యాక హెడ్‌ఫోన్లు తనే తీసి పెట్టుకుంటుంది. ఆ ఒక్క పాటే కాదు, ఆల్బమంతా వింటుంది.